పాత చీరలతో బొంత: చేతికుట్టు నేర్చుకుంటూ నాకు తెలిసినవి

బొంత కుడదామని బీరువా తెరిస్తే మొదట తెలిసొచ్చేది ఏంటంటే, ఏళ్ల తరబడి దాచిపెట్టిన చీరల్లో సగం దానికి పనికిరావు. చూడ్డానికి నూలు చీరల్లాగే ఉంటాయి, చేతిలోకి తీసుకుంటే జారిపోతాయి. అనుమానం వచ్చిన చీర చివరి నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తే సంగతి తేలిపోతుంది. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలుతుంది. పాలిస్టర్ కలిసి ఉంటే కరిగి, చివర గట్టి ఉండ కడుతుంది. ఈ పరీక్ష అయ్యాక నా ముందు మిగిలినవి నాలుగే. అమ్మ కట్టి కట్టి వదిలేసిన నారాయణపేట గళ్ల చీర, పల్చబడిపోయిన వెంకటగిరి చీర, ఎక్కడ కొన్నారో ఎవరికీ గుర్తులేని మరో రెండు.

ఈ పని నెత్తికెత్తుకోవడానికి కారణం మా చెల్లెలి కాన్పు. మా ఇళ్లలో పురుడు అయ్యేదాకా పసిబిడ్డకి కొత్త బట్ట వెయ్యరు. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత నూలు బట్టలే వాడతారు, కింద పరిచే చిన్న బొంత కూడా వాటితోనే. నాకేమో యూట్యూబ్ చూసి క్విల్టింగ్ నేర్చుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. ఆ వీడియోల్లో చెప్పినట్టు గుండ్రంగా తిరిగే కట్టరు, దాని కింద పరిచే మ్యాటు, చెక్క ఫ్రేము, మధ్యలో వేసే దూది పొర (బ్యాటింగ్) అన్నీ ఆన్‌లైన్ కార్ట్‌లో వేశాక బిల్లు చూసి గుండె గుభేలుమంది. ఆ మాట జనగామలో ఉండే మా పెద్దమ్మకి ఫోన్లో చెప్తే ఒకటే నవ్వు. "గవన్నీ ఎందుకు బిడ్డా. సూది, దారం, పాత చీరలు. ఇంటికి రా" అంది.

కుట్టు నేర్పిస్తుందనుకుని వెళ్తే సూది నా చేతికి చాలాసేపు రానివ్వలేదు. "కుట్టు ఎవలన్న ఏస్తరు. పరుసుట్లనే ఉంటది పని" అంది. నేర్చుకునేవాళ్లందరికీ కుట్లు చిన్నగా, తిన్నగా పడతాయా లేదా అన్నదే టెన్షన్. నాకూ అదే. తీరా చూస్తే బొంత బాగా రావడం, రాకపోవడం చాలావరకు మొదటి కుట్టు వేయకముందే తేలిపోతుంది.

ముందు చీరల్ని సిద్ధం చేసుకోవాలి. గంజి ఉంటే వేడినీళ్లలో నానబెట్టి పూర్తిగా వదిలించాలి, లేకపోతే సూది దిగదు. తర్వాత ఫాల్ విప్పాలి. చాలామంది బద్ధకించి ఫాల్‌తోనే వేసేస్తారు. ఆ ఒక్క చోట బొంత గట్టుకట్టినట్టు ఉంటుంది, పైగా ఫాల్ తరచూ పాలిస్టర్ కలిసిన గుడ్డ. పీకో చేసిన అంచు కూడా వేలెడు వెడల్పున కత్తిరించేస్తే మంచిది. జరీ అంచైతే పసిబిడ్డ బొంతలో అసలు వద్దు, ఒంటికి గీసుకుంటుంది. రంగు పోతుందేమో చూడ్డానికి తెల్లగుడ్డ తడిపి గట్టిగా రుద్దితే చాలు. ఏళ్లుగా ఉతికిన చీరలు ఎలాగూ రంగు వదలవు. అడుగున వేద్దామని కొత్త గుడ్డ ఏదైనా కొంటే మాత్రం ముదురు ఎరుపు, మెరూన్‌ల జోలికి పోకుండా ఉండటం మేలు. కొన్న గుడ్డ ఏ రంగుదైనా ముందే ఉతకాలి. కొత్త నూలు గుడ్డ ఉతికితే కుంచించుకుపోతుంది, చుట్టూ ఉన్న పాత పొరల్ని కూడా తనతో గుంజుతుంది.

ఇంకో చూపు కూడా ఉంది. చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూస్తే ఎక్కడ అరిగిందో కనిపిస్తుంది. కుచ్చిళ్లు దోపుకునే చోటు, కాలి దగ్గర నేలకి రాసుకునే చోటు ముందు పోతాయి. బొటనవేళ్లతో అటూ ఇటూ లాగితే చిర్రున చిరిగే భాగం పైపొరకి వద్దు. లోపలి పొరకి వేసుకోవచ్చు, చిరుగు మీద చిన్న ముక్క పరిస్తే సరి. చీర ఐదున్నర మీటర్లు, పన్నా దాదాపు 45 అంగుళాలు. మూడున్నర అడుగుల చదరపు ముక్కలు లెక్క ప్రకారం ఒక చీరలో ఐదు వస్తాయి. అరిగినవి తీసేస్తే పైకి వేసుకోదగ్గవి మూడు వచ్చినా అదృష్టమే. పసిబిడ్డ బొంతకి నాలుగు పొరలు చాలు. పైన గళ్ల చీర, అడుగున ఊరూపేరూ లేని లేత పసుపుది, మధ్యలో రెండు పొరలు వెంకటగిరివి వేశాం. గళ్ల చీర పైన ఎందుకన్నది పెద్దమ్మ చెప్పలేదు, కుట్టేటప్పుడు నాకే అర్థమైంది. గీతలు నేసే ఉన్నాయి, వాటి వెంబడి సూది నడిపితే చాలు. మొదటిసారి కుట్టేవాళ్లకి నేనిచ్చే సలహాల్లో ఇది ముందుంటుంది. పైపొరకి గళ్లదో చారలదో ఎంచుకోండి, గీతలు గీసుకునే పని తప్పుతుంది. సాదా చీరే ఉంటే దర్జీలు చేసినట్టు అరిగిపోయిన సబ్బు ముక్కతో గీసుకోవచ్చు, ఉతికితే పోతుంది.

ఇక పరచడం. నేల తుడిచి ఆరాక, అడుగుపొర మంచివైపు నేలకి ఉండేలా వేయాలి. పెద్దమ్మ వాళ్లింట్లో షాబాదు బండలు. బండకీ బండకీ మధ్య అతుకు ఉంటుంది కదా, బొంత అంచుని ఆ అతుకుకి ఆనించి పెడితే మూలలు వాటంతటవే సరిగ్గా కుదురుతాయి. టైల్స్ ఉన్న ఇళ్లలో ఇంకా తేలిక. అరచేతులు రెండూ గుడ్డ మధ్యలో పెట్టి బయటికి తోయాలి, అంచు పట్టుకుని గుంజకూడదు. గుంజితే అప్పటికి తిన్నగా కనిపిస్తుంది, వదలగానే మళ్లీ ముడుచుకుంటుంది. ముక్క ఓరగా పడిందా అన్నది కూడా చూసుకోవాలి. పడుగు వెంబడి లాగితే సాగని గుడ్డ, ఓరగా లాగితే జానెడు సాగుతుంది. మూలలకి బరువు కావాలి. వీడియోల్లో టేపుతో నేలకి అంటిస్తారు, పెద్దమ్మ రెండు పీటలు, పచ్చడి బండ, బియ్యం డబ్బా పెట్టింది. అడుగుపొర కదలకుండా కూర్చున్నాకే రెండోది, దాన్నీ అలాగే సాఫు చేశాక మూడోది. నాలుగు పొరలు పరచడానికి పట్టిన సమయం చూస్తే ఈపాటికి సగం కుట్టేసేదాన్నే అనిపించింది, పైకి అనలేదు.

పరిచాక కచ్చాకుట్టు. తర్వాత విప్పేసేదే కాబట్టి జానెడేసి కుట్లు పడ్డా నష్టం లేదు. మధ్యలో మొదలుపెట్టి నాలుగు వైపులా అంచుదాకా వెళ్లాలి, ఆ తర్వాత వాటి మధ్య బెత్తెడు బెత్తెడు ఎడంతో వరుసలు. మధ్య నుంచే ఎందుకంటే, ఎక్కడైనా మిగులు గుడ్డ ఉంటే బయటికి పోవడానికి దారి ఉండాలి. అంచులు ముందు బిగించేస్తే ఆ మిగులు మధ్యలో ఉబ్బెత్తుగా నిలిచిపోతుంది. కచ్చాకుట్టుకి తెల్ల దారమే వాడాలి, రంగు దారం మరక చేయొచ్చు. పిన్నీసులు పెట్టినా పని జరుగుతుంది కానీ దారం పిన్నీసుకి తగులుకుని విసిగిస్తుంది, వానాకాలంలో రోజుల తరబడి ఉంచితే తుప్పు మరక పడుతుంది.

సూది గురించి నాకు పెద్ద గందరగోళం ఉండేది. ఇంట్లో మిషన్ ఉంది కాబట్టి మిషన్ సూదుల్లో 14 నంబరు కన్నా 16 లావు అని తెలుసు. చేతి సూదులు దానికి పూర్తిగా తిరగేసి ఉంటాయి, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. నాలుగు పాత చీరల పొరలకి 7 నంబరు నాకు కుదిరింది. గోనెసంచులు కుట్టే దబ్బనంతో కుట్టొచ్చు కదా అని మొదలుపెట్టేవాళ్లుంటారు. అది పాత గుడ్డలో చేసే కన్నం మళ్లీ పూడదు, అక్కడి నుంచే చిరుగుతుంది. సూది పొడవు కొంచెం ఉంటేనే ఒకేసారి మూడు నాలుగు కుట్లు ఎక్కించుకోవచ్చు.

దారం మూరెడు. అంతకంటే ఎక్కువ వద్దు. మాటిమాటికీ ఎక్కించడం ఎందుకని నేను బారెడు తీస్తే పెద్దమ్మ కత్తెర పట్టుకుని మూరెడుకి తెంపేసింది. "ఓపిక లేనోళ్లే బారెడు దారం తీస్తరు" అంది. పొడుగు దారం ప్రతి కుట్టుకీ నాలుగు పొరల్లోంచి రాసుకుంటూ వెళ్తుంది, చివరికొచ్చేసరికి నూగు లేచి తెగుతుంది. మధ్యలో మెలిపడి ముడులు పడటం సరేసరి. మెలి పడ్డప్పుడు దారంతో కుస్తీ పట్టకుండా సూదిని కిందికి వేలాడదీస్తే అదే గిరగిరా తిరిగి విప్పుకుంటుంది. మిషన్ దారం ఒంటి పోగు ఈ పనికి చాలదు, రెండు పోగులు కలిపితే రెండూ ఒకేలా రావు, ఒకటి వదులై ఉచ్చు పడుతుంది. నేను ఎంబ్రాయిడరీ నూలు దారం వాడాను. అందులో ఆరు పోగులుంటాయి, ఒక్కొక్కటీ విడిగా లాగి మూడు కలుపుకోవాలి. మూడూ ఒకేసారి లాగితే చిక్కుపడుతుంది. బెంగాల్‌లో కాంతా అనే బొంతలు కుట్టేవాళ్లు ఒకప్పుడు దారం కొనేవాళ్లే కాదట, పాత చీర అంచుల్లోంచి రంగు పోగులు లాగి వాటితోనే కుట్టేవారట. ఒకసారి సరదాగా లాగి చూశాను. పోగులైతే వచ్చాయి, ఆ ఓపిక మాత్రం రాలేదు.

కుట్టు చూడ్డానికి చాలా సాదా, ఒకటి పైన, ఒకటి కింద. అయినా నాలుగు పొరలూ దాటి అవతలికి పోయిందా లేదా అన్నది పైనుంచి తెలియదు. దానికి ఎడమచేతి చూపుడువేలు బొంత కింద ఉండాలి. సూదిని పడుకోబెట్టి తోస్తే పై రెండు పొరల్లోనే పాకి బయటికొస్తుంది. నిలువుగా దించాలి. మొన కింది వేలికి చురుక్కుమని తగలగానే, అదే వేలితో గుడ్డని కొంచెం పైకి ఎత్తుతూ సూదిని వాల్చి మొనని పైకి తేవాలి. మళ్లీ నిలబెట్టాలి, మళ్లీ వాల్చాలి. ఇలా మూడు నాలుగు ఎక్కాక అప్పుడు దారం లాగాలి. మొదట్లో చేయి తిరగదు, ఒక్కో కుట్టూ విడిగా వేయాల్సి వస్తుంది. అలా వేసినా తప్పేం లేదు. సూదిని తోసే నడిమి వేలికి థింబుల్ (వేలికి తొడుక్కునే చిన్న టోపీ) పెట్టుకోండి, లేకపోతే సూది వెనకభాగం వేలికి గుంట పెడుతుంది. పెద్దమ్మకి అక్కర్లేదు, ఆవిడ వేలి చర్మమే థింబుల్. సూది గట్టిగా ఇరుక్కుంటే పళ్లతో పీకొద్దు. సైకిల్ ట్యూబు ముక్కతోనో, పగిలిన బెలూన్‌తోనో పట్టుకుని లాగితే జారకుండా వచ్చేస్తుంది.

కుట్టు ఎంత పొడవుండాలి? నాకు బియ్యపు గింజంత వచ్చింది, పెద్దమ్మకి అందులో సగం. పొడవు కన్నా సమంగా ఉండటమే కంటికి ఆనుతుంది. కుట్లు కొంచెం పెద్దవైనా అన్నీ ఒకే కొలతలో ఉంటే బొంత అందంగానే ఉంటుంది. చిన్నా పెద్దా కలిస్తేనే కంగాళీ.

ముడి పైకి కనిపించకూడదు. దారం చివర చిన్న ముడి వేసి, మొదలుపెట్టే చోటికి రెండంగుళాల ఇవతల పైపొరలోకి మాత్రమే సూది దించి, మొదలుపెట్టే చోట పైకి తేవాలి. మెల్లగా లాగితే ముడి టప్పుమని పైపొర దాటి లోపలికి వెళ్లి మధ్యలో ఆగిపోతుంది. ఆ చప్పుడు విన్న ప్రతిసారీ నాకు చిన్నపిల్లల సంబరం. లాగే బలం ఎక్కువైతే ముడి పైకి వచ్చేస్తుంది, అప్పుడు మళ్లీ మొదలుపెట్టడమే. దారం అయిపోయినప్పుడు ఒక వెనక కుట్టు వేసి, సూదిని పొరల మధ్యే వేలెడు దూరం నడిపి బయటికి తీసి కత్తిరిస్తే తోక లోపలే ఉండిపోతుంది.

దారం ఎంత బిగించాలన్నది చెప్పడం కష్టం. బిగిస్తే గుడ్డ కుచ్చెళ్లు పడుతుంది, వదిలేస్తే బిడ్డ కాలివేలు తగులుకుంటుంది. పెద్దమ్మ చేసే పని చూశాను. దారం లాగిన ప్రతిసారీ కుట్టిన మేర బొటనవేలి గోటితో ఒకసారి వెనక నుంచి ముందుకి గీస్తుంది. బిగువు ఎక్కువుంటే అక్కడే సర్దుకుంటుంది. వరస అంతా అయ్యాక చూసుకుందాంలే అనుకుంటే ఆ ముడతని ఇక ఏమీ చేయలేం. కాస్త అలలు అలలుగా రావడం మాత్రం చేతికుట్టులో సహజమే. ఉతికాక ఇంకాస్త తేలుతుంది, అందమూ అందులోనే ఉంది. బల్లపరుపుగా కావాలంటే షాపులో మిషన్‌వి దొరుకుతాయి.

ఎక్కడ మొదలుపెట్టాలన్న దాని మీద మా ఇద్దరికీ కొంచెం వాదన నడిచింది. నేను చూసిన వీడియోలన్నీ మధ్య నుంచి బయటికి కుట్టమంటాయి. పెద్దమ్మ అంచు నుంచి చుట్టూ తిరుగుతూ లోపలికి వస్తుంది. ఉత్తర కర్ణాటకలో యల్లాపూర్, హళియాల వైపు ఉండే సిద్దీలు కుట్టే కవండి అనే బొంత కూడా అంచు నుంచి లోపలికే. వాళ్ల పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు. రంగు రంగుల ముక్కల్ని మూల దగ్గర మొదలుపెట్టి చుట్టూ కుట్టుకుంటూ మధ్యలో ముగిస్తారు, చివర్లో నాలుగు మూలలకీ మడతపెట్టిన చిన్న గుడ్డ ముక్కలు పువ్వుల్లా కుడతారు. వాళ్లు ఫ్రేము వాడరు, కచ్చాకుట్టూ ఉండదు, చేత్తో సాఫు చేసుకుంటూ ముందుకెళ్తారు. అంటే రెండు దారులూ సరైనవే. కాకపోతే అంచు నుంచి వచ్చే పద్ధతికి చేతికి అనుభవం కావాలి. కచ్చాకుట్టు గట్టిగా వేసుకున్నవాళ్లు ఎటు నుంచి మొదలుపెట్టినా గట్టెక్కుతారు. నేను మాత్రం గళ్ల గీతల వెంబడి మధ్యలో మొదలుపెట్టి, ఒక సగం అయ్యాక తిప్పుకుని రెండో సగం కుట్టాను. వరసకీ వరసకీ మధ్య రెండు వేళ్ల ఎడం.

నేల మీద గోడకి ఆనుకుని, నడుం వెనక దిండు పెట్టుకుని కూర్చుంటే మెడ పట్టదు. మంచం మీద కూర్చుని కుట్టొద్దు, పరుపునో దుప్పటినో కూడా కలిపి కుట్టేస్తాం. దీపాలు పెట్టాక సూది ముట్టొద్దని పెద్దమ్మ పట్టుదల. కారణమడిగితే లక్ష్మీదేవి అంటుంది. నాకు తోచింది వేరు, ఆ వెలుతురులో సూది పడిపోతే దొరకదు. పసిబిడ్డ పడుకునే బొంత కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఎన్ని సూదులు తీశామో లెక్క పెట్టుకుని, లేచేటప్పుడు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాలి. బొంత పూర్తయ్యాక ఫ్రిజ్ మీద అతికించే మాగ్నెట్ తీసుకుని రెండు వైపులా అంగుళం అంగుళం తడిమాను. విరిగిన సూదిమొన ఏదైనా లోపల ఉంటే అది పట్టేస్తుంది.

అంచులకి పెద్దగా చెప్పేదేం లేదు. పొరలన్నీ సమంగా కత్తిరించి, చీర బోర్డరుని పొడుగ్గా కోసి మధ్యకి మడిచి చుట్టూ పట్టీ వేస్తే సరి, మూలల్లో ఓరగా మడవాలి. నేను జరీ లేని పసుపు చీర అంచు వేశాను. ఆ తర్వాత కచ్చాకుట్టు మొత్తం విప్పాలి, తర్వాతే ఉతకాలి. తడిసిన బొంత చాలా బరువు, ఒకే తీగ మీద వేస్తే మధ్యలో సాగుతుంది. రెండు తీగల మీద పరిచినట్టు ఆరేసి, మధ్యాహ్నం తిప్పాలి. ఉతికాక కొలతలో కొంచెం తగ్గుతుంది, కాబట్టి మొదటే నాలుగు వైపులా కాస్త ఎక్కువ వదులుకోవాలి.

ఇదంతా చేశాక, చలికాలం ముందు "బొంతలు కుట్టిస్తరా" అని వాడల్లో తిరిగే ఆడవాళ్లు అడిగే కూలి ఎక్కువని నాకెప్పుడూ అనిపించలేదు. వాళ్లతో కుట్టించుకోవాలన్నా చీరలు ఏరడం, ఫాల్ విప్పడం, గంజి వదిలించడం మనం చేసిస్తే బొంత నాణ్యతే మారిపోతుంది.

ఇప్పుడు మంచానికి సరిపడే పెద్దది మొదలైంది. ఒక చీరని మధ్యకి కోస్తే రెండు పొరలు వస్తాయి, పొడవు, వెడల్పు సింగిల్ మంచానికి సరిపోతాయి. రెండు చీరలకి నాలుగు పొరలన్నమాట. మధ్యలో ఐదో పొరగా ఏం వేయాలన్నది ఇంట్లో చర్చ. మా ఆయన ఊలు దుప్పటి వేయమంటారు, వెచ్చగా ఉంటుందని. ఊలు ఉతికితే ముడుచుకుపోయి నూలు పొరల్ని కూడా గుంజేస్తుంది, అందుకని పాత నూలు దుప్పటే ఖాయం చేశాం. వరసల మధ్య ఈసారి బెత్తెడు వదిలితే పని తొందరగా తెములుతుందని నా ఆశ. "బెత్తెడు ఇడిస్తే లోపలి బట్ట ముద్దయితది" అని పెద్దమ్మ. మూడు వేళ్ల దగ్గర రాజీ కుదిరింది.